ఏ ఊరి ఆశ్వయుజం?

మొన్న శనివారం పొద్దున్న ఇంట్లో హీటర్ ఈ ఏడాదికి మొదటిసారి ఆన్ చేశాను. మిషిగన్‌లో ఉండేవాళ్లకు ఆ వాసన బాగా తెలుసు. ఆరు నెలలుగా గొట్టాల్లో పేరుకున్న దుమ్ము వేడికి మాడి, గదులన్నిట్లోకీ ఒక్కసారిగా వస్తుంది. పది నిమిషాలు ఉండి పోతుంది. పిల్లలు ముక్కులు మూసుకుని పై గదుల్లోకి పరుగెత్తారు. నా భార్య సునీత కిటికీ తెరిచింది. నేను మాత్రం హాల్లో నిలబడి ఆ మాడు వాసన పోయేదాకా కదల్లేదు. ఎందుకంటే మా రాజ్యం ఆంటీ లెక్కలో శరత్కాలం ఆ వాసనతోనే మొదలయ్యేది. పంచాంగం ఏమంటోందన్నది ఆవిడకు తర్వాతి సంగతి. "హీటర్ వేశావా? అయితే ఇవాళ్టి నుంచి సలాడ్లు బంద్" అని ఫోన్ చేసి మరీ చెప్పేవారు. ఫోన్ రాక ఇది మూడో శరత్తు.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. మిషిగన్‌లో మా ఊరు నోవైలో తెలుగువాళ్లెవరూ ఆవిడను అలా పిలవగా నేను వినలేదు. యాభై ఏళ్లవాళ్లకూ ఐదేళ్లవాళ్లకూ రాజ్యం ఆంటీయే. విజయవాడలో ఆయుర్వేదం చదివి డాక్టర్ పట్టా పుచ్చుకుని, పెళ్లయ్యాక భర్త మూర్తిగారి వెంట ఇక్కడికి వచ్చారు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆవిడ పట్టా ఇక్కడ ఎందుకూ పనికి రాలేదు. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక ఒక చిన్నపిల్లల బడి వంటింట్లో చేరి, ఇరవై రెండేళ్లు మధ్యాహ్న భోజనాలు వడ్డించారు. పీజా ముక్కలు, ఉడికించిన బీన్స్, ఆపిల్ సాస్. అంత చదువు చదివి ఆ పని చేశారా అని ఒకసారి నేను జాలిపడబోతే ఆవిడ నన్ను కసురుకున్నారు. "రోజూ నాలుగొందల మంది పిల్లలు తిని ప్లేట్లు తెచ్చి నా ముందు పడేసేవాళ్లు. ఏం తిన్నారో, ఏం వదిలేశారో, ఎందుకు వదిలేశారో చూస్తా ఉండేదాన్ని. అంతకంటే పెద్ద కాలేజీ ఏముందయ్యా?" అన్నారు. రిటైరయ్యాక, మూర్తిగారు పోయాక, ప్రతి శరత్తులోనూ శనివారాలు పొద్దున్న తన వంటింట్లో ఆరుగురికి వంట నేర్పడం మొదలుపెట్టారు. ఆ ఆరుగురిలో నేనొకణ్ణి.

నేను ఆవిడ దగ్గర చేరింది తొమ్మిదేళ్ల క్రితం, అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఉద్యోగం మారి నోవై వచ్చిన ఏడాది. వంట మీద సరదా ఉండి చేరలేదు. భయంతో చేరాను. ఆ ఏడు మే నెల నుంచి తిన్న అరగంటకల్లా నాకు కడుపు పైభాగంలో మంట మొదలయ్యేది. బరువు తగ్గిపోయి బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పెట్టుకున్నాను. అచ్చం ఇలాంటి మంటకే మా అన్నయ్య ఖమ్మంలో రెండేళ్లు మందుల షాపు మాత్రలు మింగాడు. చివరికి పరీక్ష చేస్తే కడుపులో కాన్సర్ అన్నారు. నలభై ఒకటో ఏట పోయాడు. నాకప్పుడు ముప్ఫై తొమ్మిది నిండాయి. పరీక్షకు వెళితే ఏం తేలుతుందోనని అసలు పరీక్షకే వెళ్లలేదు. సునీతకు కూడా చెప్పలేదు. బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదని తెలుసు. తెలిసే చేశాను. భయపడుతున్నానని ఒప్పుకోవడం నామోషీ అనిపించి, ఆయుర్వేదం పాటిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

చాండ్లర్‌లో ఉండగానే నేనొక చార్టు తయారు చేసుకున్నాను. టెస్టింగ్ ఇంజనీర్ని కదా, గడులు గీసి రంగులు వేస్తే గానీ నాకు ఏదీ బుర్రకెక్కదు. శరదృతువంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు. వానలు వెలిసి ఎండ చుర్రుమనే కాలం. ఒంట్లో పిత్తం పెరుగుతుంది, కాబట్టి చలవ చేసేవి తినాలి. కీరదోస, కొబ్బరినీళ్లు, ధనియాల నీళ్లు, కాకరకాయ, చల్లారిన పాలు. చాండ్లర్‌లో అక్టోబర్‌లో కూడా కారు స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అక్కడ ఆ చార్టు ఒంటికి హాయిగానే ఉండేది. దాన్ని లామినేషన్ చేయించి మరీ నోవైకి తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మంట అంటే పిత్తం, చార్టు కూడా పిత్తమే అంటోంది, ఇంకా అనుమానం ఎందుకు? సెప్టెంబర్ చివర్నుంచి పొద్దున్నే కీరదోస రసం, మధ్యాహ్నం గిన్నెడు పచ్చి కూరలు, సాయంత్రం చల్లటి పాలు. మంట తగ్గలేదు సరికదా, కడుపుబ్బరం, మలబద్ధకం తోడయ్యాయి. పెదాలు పగిలాయి. నిద్ర పట్టడం మానేసింది. చార్టును ఇంకా గట్టిగా పాటించాలి కాబోలు అనుకున్నాను.

మొదటి శనివారం వెళ్లేసరికి ఆవిడ స్వెటర్ మీద ఏప్రన్ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. పొట్టి మనిషి. ఏప్రన్ జేబులో, బడి వంటింట్లో అలవాటైన థర్మామీటర్ ఒకటి ఎప్పుడూ ఉండేది. మా నమస్కారాలు పూర్తి కాకముందే "కోట్లు విప్పండి, వెనక డెక్ మీదకి పదండి" అన్నారు. ఆరుగురం ఏమీ అర్థంకాక చేతులు కట్టుకుని, ఇంటి వెనక చెక్క అరుగులాంటి ఆ డెక్ మీద నిలబడ్డాం. ఎండిన మేపుల్ ఆకులు చెక్కల మీద గరగరమంటూ దొర్లుతున్నాయి. గాలి మెడ దగ్గర్నుంచి లోపలికి దూరుతోంది. సరిగ్గా రెండు నిమిషాలయ్యాక లోపలికి పిలిచి, బయట ఎలా ఉందో ఒక్కొక్కర్నీ చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. నేను చదువుకున్న పాఠం అప్పజెప్పాను.

"శరదృతువు కదా ఆంటీ. పిత్త ప్రకోపం."

"నేనడిగింది బయట ఎట్లా ఉందని నాయనా. పుస్తకంలో ఎట్లా ఉందని కాదు."

"చలిగా ఉంది."

"ఇంకా?"

"గాలి బాగా ఉంది. పొడిగా ఉంది. చర్మం లాగుతోంది."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో హీటర్ ఉంది కదా, ఇంకా పొడి."

"అదీ! చలి, గాలి, పొడి. మూడూ వాతాన్ని పెంచేవే. ఇందులో నీకు పిత్తం ఎక్కడ కనపడిందయ్యా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఫోన్‌లో ఉన్న చార్టు ఫొటో తెరిచి ఆవిడ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, వేలితో పెద్దది చేసుకుంటూ, మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఓపిగ్గా చదివారు. "ఏ ఊరి ఆశ్వయుజం ఇది?" అని అడిగారు. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టి, "చక్కగా రాశావు. బెజవాడ పంపించు, పనికొస్తుంది" అన్నారు. శాస్త్రంలో ఉన్నదే రాశానని నేను వాదనకు దిగాను. అప్పుడావిడ స్టూలు లాక్కుని కూర్చుని తన సంగతి చెప్పారు.

"వచ్చిన ఏడు నేనూ ఇదే చేశా. శరత్తులో నీళ్లు పగలు ఎండలో, రాత్రి వెన్నెల్లో పెట్టి తాగితే మంచిదని మాకు పాఠం. హంసోదకం అంటారు. ఇక్కడ కొత్త కుండ ఎక్కడ దొరుకుద్ది? కార్తీక పౌర్ణమికి గాజు జాడీలో పోసి డెక్ మీద పెట్టా. పొద్దున్నే చూస్తే జాడీ రెండు చెక్కలై పడుంది. ఐసు గడ్డ మాత్రం జాడీ ఆకారంలో నిలబడి ఉంది. మా ఆయన వచ్చి చూసి, 'రాజ్యం, దీన్ని తాగాలా, కొరకాలా?' అన్నారు."

ఈసారి నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "శాస్త్రం తప్పు కాదు. రాసినాయన వాళ్ల వాకిట్లో నిలబడి, ఆకాశం చూసి, ఒళ్లు చూసుకుని రాశాడు. మనం మన వాకిట్లో నిలబడి చూసుకోవాలి. అది మానేసి ఆయన చూసింది మనం కంఠతా పడితే ఎట్లా?" అన్నారు. ఆ తర్వాత ప్రతి శనివారం స్టవ్ వెలిగించే ముందు రెండు నిమిషాలు డెక్ మీద నిలబడేవాళ్లం. చలి పెరుగుతున్నకొద్దీ రెండు నిమిషాలు ఎంత పొడుగో తెలిసింది.

ఆవిడ నేర్పిన వంటలో చెప్పుకోదగ్గ వింతలేమీ లేవు. పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా ఉడికించి, నేతిలో జీలకర్ర, మిరియాలు, అల్లం, కాస్త ఇంగువ తాలింపు పెట్టిన పులగం. సొరకాయ దొరక్కపోతే జుకినీ, గుమ్మడి బదులు బటర్‌నట్. నువ్వుల నూనెలో మగ్గబెట్టిన చిలగడదుంప. ఊరి బయట తోటల్లో ఆపిల్స్ దిగే రోజులు కదా, వాటిని పచ్చిగా కొరకనిచ్చేవారు కాదు. ముక్కలు కోసి, నెయ్యి, లవంగం, యాలకులు వేసి, మూతపెట్టి మగ్గించి వేడివేడిగా పెట్టేవారు. వేడిగా ఉండాలి, తడిగా ఉండాలి, నెయ్యో నూనో తగలాలి, కూర్చుని తినాలి. ఆవిడ శరత్తు మొత్తం ఈ నాలుగు మాటలే. ఎవరైనా కాల్షియం ఎంత, ప్రొటీన్ ఎంత అని అడిగితే "ముందు ఆకలైందా లేదా చెప్పు" అనేవారు. ఆ ప్రశ్నకు మాలో చాలామందికి జవాబు తెలిసేది కాదు. మీటింగ్‌కి మీటింగ్‌కి మధ్య ఖాళీ దొరికితే తినడమే మాకు తెలిసింది.

రెండో వారం అందర్నీ ఫ్రిజ్ ఫొటోలు తీసుకుని రమ్మన్నారు. మా ఫ్రిజ్‌లు ఎలా ఉంటాయో ఇక్కడి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది, మూతల మీద పేర్లు రాసి పెట్టుకునే వంశం మాది. ఆవిడ నా ఫోన్ పట్టుకుని ఇన్‌స్పెక్టర్‌లా ఒక్కో డబ్బా చూశారు.

"ఈ సాంబారు ఏ రోజుది?"

"ఆదివారందండీ."

"ఏ ఆదివారం?"

నేను ఫోన్ మీదకు వంగి మూత మీద రాత చదవబోయాను. పక్కనున్నావిడ కిసుక్కుమంది కానీ తర్వాత తన ఫోన్ ఇచ్చేటప్పుడు ఆమె మొహం కూడా పాలిపోయింది. "ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, నాకు తెలుసు. రోజూ రెండు కూరలు, పప్పు, చారు వండమని నేను అనను. ఒక్కటే వండు. కానీ ఇవాళ వండు. కుక్కర్‌లో ఇరవై నిమిషాలు. బయట ఇంత పొడిగా ఉన్నప్పుడు, నాలుగు రోజులుగా ఫ్రిజ్‌లో ఎండిపోయింది కూడా లోపలికి తోస్తే ఒళ్లు ఏం చేసుకుంటుంది పాపం?" అన్నారు. ఆ వారం నుంచి ఆఫీస్ నుంచి రాగానే కుక్కర్ పెట్టే పని నాదైంది. సునీత మొదట అనుమానంగా చూసింది, తర్వాత సంతోషించింది.

మూడు వారాల్లో కడుపుబ్బరం పోయింది. నిద్ర పట్టింది. పెదాల పగుళ్లు మానాయి. చార్టు పీకి చెత్తబుట్టలో పడేసి, కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలాగా ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ నెయ్యి గురించి చెప్పడం మొదలుపెట్టాను. మంట కూడా కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది. తగ్గుతోందంటే అన్నయ్యకు వచ్చింది నాకు రాలేదనే కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎంత తేలికపడ్డానో! ఆ తేలిక అంతా దొంగదని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉండేది. అందుకే బరువు చూసుకోవడం మాత్రం మానేశాను.

ఐదో శనివారం వంటలయ్యాక, ఎప్పటిలాగే అందరం బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. ఆంటీ ఎప్పుడూ మాతో కూర్చునేవారు కాదు. సింక్ దగ్గర నిలబడి మేం తినడం చూసేవారు. అందరూ వెళ్లిపోతుంటే "వాసూ, నువ్వుండు" అన్నారు. నా ప్లేటు ఇంకా బల్ల మీదే ఉంది. సగం పులగం అలాగే మిగిలి ఉంది.

"ఐదు వారాలుగా చూస్తన్నా. నాలుగు ముద్దలు ఇష్టంగా తింటావు. ఐదో ముద్ద కాడ ఆగుతావు. చెయ్యి పొట్ట మీదకి పోద్ది. ఎన్నాళ్ల నుంచి?"

"ఏం లేదాంటీ. కొంచెం ఎసిడిటీ."

"ఎన్నాళ్ల నుంచి అనడిగా."

"మే నుంచి."

"డాక్టర్ ఏమన్నాడు?"

"నా డాక్టర్ మీరే కదా ఆంటీ" అని నవ్వబోయాను. ఆవిడ మొహం చూసి నవ్వు ఆగిపోయింది. ఆవిడ వెళ్లి, ఆపిల్స్ మగ్గుతున్న స్టవ్ ఆపేసి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. అప్పుడు అన్నయ్య సంగతి చెప్పాను. అమెరికాలో ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి. బెల్టు బెజ్జాల గురించీ చెప్పాను. సునీతకు తెలియదని కూడా చెప్పాను. ఆవిడ ఓదారుస్తారనుకున్నాను, కనీసం ఇంకో వంట చెబుతారనుకున్నాను.

"రేప్పొద్దున్నుంచి నా వంటింట్లోకి రామాక. కడుపులోకి కెమెరా వేయించుకుని, రిజల్టు కాగితం పట్టుకుని రా. అప్పటిదాకా నీకిక్కడ మంచినీళ్లు కూడా పుట్టవు" అన్నారు.

నాకు చాలా కోపం వచ్చింది. భయం బయటపడినవాడికి వచ్చే కోపం. "మీరు ఆయుర్వేదం డాక్టరై ఉండి మీరే ఇలా అంటే ఎలా ఆంటీ? మీకే నమ్మకం లేకపోతే మాకెందుకు నేర్పిస్తున్నారు?" అని గొంతు పెంచాను. పెద్దావిడతో అలా మాట్లాడినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఏప్రన్ విప్పి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకున్నారు.

"మా ఆయనకి ఇట్లాగే మొదలైంది. ఆయనా మంటే అన్నారు. నాకప్పుడు పొగరు వాసూ. పట్టా పెట్టెలో దాచుకుని ఇరవై ఏళ్లయింది, ఇంట్లోనే ఒక పేషెంట్ దొరికాడు. పథ్యం పెట్టా. పొద్దునా సాయంత్రం వేడివేడిగా వండిపెట్టా. తగ్గింది. నిజంగానే తగ్గింది. ఆకలైంది, నిద్ర పట్టింది, నీ చెయ్యి మంచిది రాజ్యం అన్నారు. ఆ శరత్తంతా సంతోషంగా ఉన్నాం. మార్చిలో రక్తం కక్కుకున్నారు."

నేను ప్లేటు పక్కకు జరిపాను.

"నా వంట పని చెయ్యలేదని కాదు. పని చేసింది. అదే నాకు తీరని బాధ. నొప్పి తగ్గింది, లోపల ఉన్నదానికి ఐదు నెలలు టైమ్ దొరికింది. ముందే చూపిస్తే బతికేవారో లేదో నాకు తెలీదు. ఎవరూ చెప్పలేరు. చూపించలేదు, అంతే." ఒళ్లో ఏప్రన్ సర్దుకుని, "ఒంటిని కుదుటపరచడం వంట పని. లోపల ఏముందో చూడటం వంట పని కాదు. రెండూ ఒకటే అనుకున్నా నేను. నువ్వు అనుకోబాక. ఇంటికెళ్లి ముందు మీ ఆవిడకి చెప్పు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే చెప్పాను. సునీత బట్టలు మడతపెడుతోంది. "ఎన్నాళ్ల నుంచి?" అని ఆమె కూడా అదే అడిగింది. మే నుంచి అన్నాను. చేతిలో ఉన్న చొక్కా కింద పెట్టి, "ఆరు నెలలు" అంది. తిట్టలేదు, ఏడవలేదు. సోమవారం పొద్దున్నే డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లలతో మాట్లాడింది, ఫోన్‌లో వాళ్లతో మాట్లాడింది, నా వైపు మాత్రం ప్లేటు జరిపి ఊరుకుంది. జబ్బు ఉందో లేదో ఇంకా తెలియదు. కానీ ఆరు నెలలు పక్కనే కూర్చుని తింటూ ఆమెను పరాయిదాన్ని చేశానని మాత్రం ఆ రెండు రోజుల్లో బాగా తెలిసింది.

ఎండోస్కోపీ రోజున సునీత డ్రైవ్ చేసింది. బయల్దేరేసరికి రాజ్యం ఆంటీ మా డ్రైవ్‌వేలో కారు ఆపుకుని సిద్ధంగా ఉన్నారు. ఎవరూ పిలవలేదు. తన కారు దిగి మా కారు వెనక సీట్లో కూర్చున్నారు. నాకు మత్తు దిగి కళ్లు తెరిచేసరికి ఒక పక్క సునీత, ఒక పక్క ఆవిడ. డాక్టర్ వచ్చి, కడుపు లోపలి పొర బాగా వాచి ఉందని, చిన్న పుండు ఉందని, భయపెట్టేది ఏదీ కంటికి కనపడలేదని, అయినా చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపామని చెప్పాడు. ఒక వారం ఆగాలి. ఆ వారం ప్రతి సాయంత్రం ఐదింటికి ఆవిడ వేడి వేడి గిన్నెతో మా ఇంటికి వచ్చారు. మొదటి రోజు నేను ఉక్రోషంగా "కాగితం రాలేదు కదా ఆంటీ, మంచినీళ్లు కూడా పుట్టవన్నారు" అన్నాను.

"నా వంటింట్లోకి రావద్దన్నా. మీ వంటింట్లోకి నేను రానని అన్లేదుగా" అని, గిన్నెలో థర్మామీటర్ గుచ్చి చూసి వడ్డించారు.

రిజల్ట్ గురువారం మధ్యాహ్నం వచ్చింది. ఆఫీస్ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఉన్నాను. ఫోన్ టింగుమంది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. నాలుగే లైన్లు. కాన్సర్ లేదు. ఒక బాక్టీరియా ఉంది, రెండు వారాల మాత్రలతో పోతుంది. స్టీరింగ్ మీద తల ఆనించి ఎంతసేపు ఉన్నానో తెలియదు. మొదట సునీతకు చేశాను. విన్న వెంటనే ఇంటికి వచ్చెయ్యమంది. తర్వాత ఆంటీకి చేశాను.

"ఏమీ లేదంట ఆంటీ."

"ఏం రాశారో చదువు."

ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివాను.

"ఇంకోసారి చదువు."

మళ్లీ చదివాను. "ఇంకోసారి" అన్నారు. మూడోసారి చదివాక అవతల కుర్చీ లాగిన చప్పుడు, తర్వాత పెద్ద నిట్టూర్పు, "అమ్మయ్య" అన్న మాట వినిపించాయి. అంత గట్టిగా, అంత నిదానంగా అమ్మయ్య అనడం నేను ఇంకెవరి నోటా వినలేదు. "మా ఆయనప్పుడు ఈ ఫోన్ కోసమే కూర్చున్నా వాసూ. అప్పుడు రాలా. ఇవాళ వచ్చింది" అన్నారు. వెంటనే పాత గొంతుతో, "మాత్రలు ఒక్క పూట కూడా మానమాక. తగ్గింది కదా అని మధ్యలో ఆపావో, తంతా. అవి అయ్యాక రా, అన్నం పెడతా" అన్నారు.

మాత్రలు పూర్తి చేసి వెళ్లాను. అప్పటికి మంచు పడుతోంది. ఆవిడ వంటింట్లో ఆగకుండా ప్లేటు ఖాళీ చేశాను. ఐదో ముద్ద, ఆరో ముద్ద, పదో ముద్ద. ఆవిడ సింక్ దగ్గర నిలబడి చూస్తూ, నేను అడగకుండానే ఇంకో గరిటె వేశారు. ఆ తర్వాత మరో మూడు శరత్తులు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కొత్తగా ఎవరు క్లాసుకు వచ్చినా ఆవిడ అడిగే మొదటి మాట మారిపోయింది. "డాక్టర్‌కి చూపించుకున్నారా?" అని అడిగి, ఆ తర్వాతే డెక్ మీదకు పంపేవారు. మోకాళ్లు మొరాయించాక కూతురు దగ్గరికి, విచిత్రంగా నేను వదిలి వచ్చిన చాండ్లర్‌కే వెళ్లిపోయారు. ఇక్కడ మాకు మంచు మొదలయ్యే రోజుల్లో అక్కడ పెరట్లో కూర్చుని కీరదోస తింటున్నానని ఫోన్‌లో ఊరించేవారు. రెండేళ్ల క్రితం వసంతంలో, మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో ఒరిగి, అలాగే వెళ్లిపోయారు. కూతురు చెప్పినప్పుడు ఏడ్చాను. ఎంత ఏడ్చినా, ఏ బాధా పడకుండా వెళ్లారన్న ఊరట కూడా ఆ ఏడుపులోనే ఉంది.

ఆవిడ నాకేం ఇచ్చారని ఎవరైనా అడిగితే ఒకప్పుడు పులగం అనేవాణ్ణి. ఇప్పుడా జవాబు సరిపోదనిపిస్తోంది. ఈ ఆగస్టులో నాకు మళ్లీ కడుపులో నొప్పి వచ్చింది. పెద్ద సంగతేమీ కాదు, వెన్నునొప్పికి వేసుకున్న మాత్రలు పడలేదని డాక్టర్ తేల్చాడు. కానీ అది తర్వాత తెలిసింది. నొప్పి వచ్చిన రోజు పాత భయం పాత దారినే వచ్చింది. అన్నయ్య మొహం కనిపించింది. మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర, పిల్లలు బస్సెక్కాక, సునీతతో చెప్పాను.

"కడుపులో నొప్పిగా ఉంది."

ఆమె చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగిపోయింది. "ఎన్నాళ్ల నుంచి?"

"నిన్నటి నుంచి."

"నిన్నటి నుంచేనా? నిజంగా?"

"నిజంగా."

కప్పు కింద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఆ ఆరు నెలల సంగతి విన్న రోజున ఏడవని మనిషి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేసింది. నాకు కంగారు పుట్టింది. "ఏడుస్తావేంటి? ఇంకా డాక్టర్ దగ్గరికే వెళ్లలేదు, ఏం తేలుతుందో తెలీదు" అన్నాను.

"అందుకు కాదు" అంది కళ్లు తుడుచుకుంటూ. "రెండో రోజే చెప్పావు."